ముందు ఖాళీ పెట్టెలో గాలి వీయించి చూడండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ ఇంచుమించు ఒక్కదాని గురించే. కంప్యూటర్‌లో గాలిని వీయించి, గాలిమరకి ఎంత అందుతుందో ముందే చెప్పే లెక్క. పూర్తి పేరు కంప్యుటేషనల్ ఫ్లూయిడ్ డైనమిక్స్, పనిచేసేవాళ్లం సీఎఫ్‌డీ అంటాం. కొండనీ దాని మీది గాలినీ కలిపి ఒక పెద్ద పెట్టె అనుకుని, ఆ పెట్టెని లక్షల గదులుగా కోసి, ఒక్కో గదిలోకి ఎంత గాలి వచ్చింది, ఎంత పోయింది, ఎంత ఒరిపిడి తిన్నది అని పద్దు రాయడమే ఈ పని. ఆ గదుల అల్లికని మెష్ అంటాం. ఇరవై రెండేళ్లుగా నేను రాస్తున్నది ఆ పద్దులే. ఉత్తరాలు కొంచెం కుదించాను. పేర్లు తీసేశాను.

ప్రశ్న: మేడమ్, ఎంటెక్ ప్రాజెక్టు కోసం ఒక కొండ మీద గాలి లెక్క చేస్తున్నాను. పెట్టె పొడవు 6 కిలోమీటర్లు. గాలిని లోపలికి వదిలే చోట 10 మీటర్ల ఎత్తులో వేగం సెకనుకి 5.9 మీటర్లు ఇచ్చాను. కొండ ఇంకా మొదలు కాకముందే అది 6.5 అయిపోతోంది. నేల దగ్గర మెష్ చాలా సన్నగా, 20 సెంటీమీటర్లకి పెట్టాను. గడ్డి నేల కాబట్టి గరుకుదనం పొడవు (నేల గాలిని ఎంత ఒరుస్తుందో చెప్పే కొలత) 0.03 మీటర్లు. రిసిడ్యువల్స్ (సమీకరణాల్లో ఇంకా మిగిలిన తేడాలు) అన్నీ చక్కగా దిగాయి. మెష్ ఇంకా సన్నగా చేయమంటారా? మూడు వారాలుగా ఇదే టెన్షన్.

జవాబు: చేయకండి. మీ జబ్బు ఆ సన్నదనంలోనే ఉంది.

ముందు నష్టం ఎంతో చూద్దాం. గాలిలోని శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. 5.9 కాస్తా 6.5 అయితే వేగం పదో వంతు పెరిగింది, శక్తి మాత్రం మూడో వంతు పెరిగింది. అంటే కొండ చేయాల్సిన పనిలో ఒక వాటా కొండ రాకముందే ఎవరో చేసేశారు. రేపు శిఖరం మీద వచ్చే అంకెలో కొండ పుణ్యం ఎంత, మీ మెష్ పుణ్యం ఎంత అని విడదీయడం మీ వల్లా కాదు, నా వల్లా కాదు.

ఇప్పుడు కారణం. సాఫ్ట్‌వేర్‌కి గడ్డి తెలియదు. దానికి తెలిసింది ఇసుక. 1933లో నికురాడ్సే అనే ఆయన గొట్టాల లోపల ఇసుక రేణువులు అంటించి ఒరిపిడి కొలిచాడు. గరుకు నేలకి మనం వాడే గోడ సూత్రాల్లో (నేలని ఆనుకున్న గదిలో ఒరిపిడి ఎంతో చెప్పేవి) చాలావాటికి మూలం ఆ కొలతలే. మనం వాతావరణ శాస్త్రం నుంచి తెచ్చుకున్న గరుకుదనం పొడవుని ఇసుక రేణువు సైజులోకి మార్చాలంటే, సాఫ్ట్‌వేర్‌ని బట్టి, 20 నుంచి 30 రెట్లు చేయాలి. మీ 0.03 మీటర్ల గడ్డి 60 సెంటీమీటర్ల రేణువు అయి కూర్చుంటుంది. రేణువు అంటే నవ్వొస్తుంది కదా, అది బండరాయి. ఆ రాయిని మీరు 20 సెంటీమీటర్ల ఎత్తున్న గదిలో పెట్టమంటున్నారు. పట్టదు. మొదటి గది మధ్యబిందువు ఆ రాయి కంటే ఎత్తులో ఉండాలన్నది నియమం. పట్టనప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు గొడవ చేసి ఆగిపోవు. చప్పుడు చేయకుండా రాయినే గదికి సరిపోయేలా చెక్కేస్తాయి. మీ గడ్డి నేల కాస్తా నున్నటి నేల అయిపోయింది. దాని మీద గాలి హాయిగా పరుగు అందుకుంది. అదే మీ 6.5.

కాబట్టి మొదటి గది ఎత్తు ఒకటిన్నర, రెండు మీటర్లు పెట్టండి. రెక్క చుట్టూ లెక్క చేసేవాళ్లు నేర్పిన 'గోడ దగ్గర ఎంత సన్నగా ఉంటే అంత మంచిది' అన్న పాఠం ఇక్కడ పనికిరాదు. అడవి ఉన్న చోట అయితే గరుకుదనం పొడవు ఒక మీటరు దాకా పోతుంది, రాయి 20, 30 మీటర్లు అవుతుంది. అక్కడ ఈ పద్ధతినే వదిలేసి, చెట్లున్న గదుల్లో గాలిని వెనక్కి లాగే బలాన్ని నేరుగా సమీకరణంలో రాసుకోవాలి.

అది సరిచేశాక కూడా వేగం కదులుతూ ఉంటే ఇంకో రెండు చోట్ల వెతకండి. పెట్టె పైకప్పుని ఒరిపిడి లేని గోడగా వదిలేశారా? నిజమైన వాతావరణంలో పైగాలి కిందిగాలిని లాగుతూ ఉంటుంది. ఆ లాగుడు పైకప్పు దగ్గర ఇవ్వకపోతే నేల తింటున్న వేగాన్ని భర్తీ చేసేవాళ్లుండరు. రెండోది, సుడుల ప్రభావాన్ని లెక్కగట్టే కే-ఎప్సిలాన్ మోడల్ స్థిరాంకాలు. పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు వాడితే మీరిచ్చిన లాగరిథమ్ ప్రొఫైల్‌లోని (ఎత్తుతో వేగం ఎలా పెరుగుతుందో చెప్పే గీత) కార్మన్ స్థిరాంకం 0.40, మోడల్ తనలో తాను నమ్మేది 0.43. ఇద్దరి మాటా కలవదు, దారి పొడవునా మోడల్ తన మాట నెగ్గించుకుంటుంది. ఎప్సిలాన్‌కి సంబంధించిన 1.3ని 1.11 చేస్తే రాజీ కుదురుతుంది. 1993లో రిచర్డ్స్, హాక్సీ ఈ రెండు విషయాలూ ఒకే చిన్న వ్యాసంలో రాశారు. అది చదవండి. నేను ఇంత ఆలస్యంగా చదివినందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇక అసలు సలహా. ఆ కొండని తీసేయండి. అదే పెట్టె, అదే మెష్ పద్ధతి, చదునైన నేల. గాలి వదలండి. ఇటు ఏ ప్రొఫైల్ లోపలికి వెళ్లిందో అటు అదే ప్రొఫైల్ బయటికి రావాలి. ఇది వినడానికి చాలా తెలివితక్కువ లెక్క, రిపోర్టులో పెట్టుకోవడానికి ఒక్క అందమైన బొమ్మ కూడా రాదు, అందుకే ఎవరూ చేయరు. నా దగ్గర చేరిన కుర్రవాళ్లకి మొదటి వారం నేనిచ్చే పని మాత్రం ఇదే. రిసిడ్యువల్స్ దిగాయని మురిసిపోకండి. మీరు అడిగిన సమీకరణాలు పరిష్కారమయ్యాయని మాత్రమే అవి చెబుతాయి. మీరు అడిగింది సరైన ప్రశ్నో కాదో వాటికేం తెలుసు?

ప్రశ్న: నేను ఉద్యోగం మానేసి సొంతంగా చిన్న గాలిమర తయారుచేస్తున్నాను. వ్యాసం 2 మీటర్లు. సీఎఫ్‌డీలో సామర్థ్యం 70 శాతం వచ్చింది. గాలిలోని శక్తిలో 59.3 శాతం మించి తీసుకోలేమని బెట్జ్ సూత్రం అంటుంది కదా. నా డిజైన్ ఆ సూత్రాన్ని దాటిందా? పెట్టె 3 మీటర్లు వెడల్పు, 3 మీటర్ల ఎత్తు.

జవాబు: దాటింది మీ డిజైన్ కాదండీ, మీ గోడలు.

బెట్జ్ చెప్పింది ఇది. గాలిమర గాలిని మరీ గట్టిగా అడ్డుకుంటే, గాలి దాన్ని తప్పించుకుని పక్క నుంచి పోతుంది. మరీ వదులుగా వదిలేస్తే శక్తి చిక్కదు. ఈ రెంటి మధ్య దొరికే గరిష్ఠం 27లో 16 వంతులు, అంటే 59.3 శాతం. కానీ తప్పించుకోవడానికి పక్కన చోటుంటేనే ఈ లెక్క. మీ రెక్కలు తిరిగే వృత్తం 3.14 చదరపు మీటర్లు, పెట్టె 9 చదరపు మీటర్లు. మూడో వంతు పైగా దారి మూసేశారు. గాలికి వేరే దిక్కులేక మీ మర లోంచే దూరి వెళ్లింది. సొరంగంలో పెట్టిన మరకి బెట్జ్ హద్దు వర్తించదు.

పెట్టె అడ్డుకోత కనీసం పది మీటర్లకి పది మీటర్లు చేయండి, అప్పుడు మూత మూడు శాతానికి దిగుతుంది. గాలి వచ్చే వైపూ పోయే వైపూ కూడా బాగా చోటు ఇవ్వండి. 70 అనేది 40కి దగ్గరగా దిగితే నిరుత్సాహపడకండి. చిన్న మరకి అది మంచి అంకె. అన్నట్టు, మర ఎక్కడ పెడతారో రాయలేదు. ఇంటి కప్పు మీద అయితే మాత్రం సీఎఫ్‌డీ కూడా వద్దు, పెట్టడమే వద్దు. కప్పు అంచు దగ్గర గాలి నేల విడిచి సుడులు తిరుగుతుంది. 150 మీటర్ల లోపు ఉన్న ప్రతి అడ్డంకి కంటే రెక్క అడుగు అంచు కనీసం 9 మీటర్లు పైన ఉండాలని చిన్న మరలు బిగించేవాళ్ల పాత లెక్క ఒకటుంది. దాన్ని పాటించండి చాలు.

ప్రశ్న: ఫిజిక్స్ చెబుతాను. గాలిమరలు వరసలో ఉంటే వెనకవాటికి గాలి తగ్గుతుందని పిల్లలకి చెప్పాను. "ఎంత?" అని ఒకమ్మాయి అడిగింది. బోర్డు మీద చేసి చూపించే లెక్క ఉందా? లేక సీఎఫ్‌డీయే గతి అంటారా?

జవాబు: ఉంది, చాలా ముచ్చటైన లెక్క. 1983లో డెన్మార్క్‌లోని రిసో ప్రయోగశాలలో జెన్సెన్ రాసినది. ఇప్పటికీ మా ఆఫీసుల్లో దీన్ని రోజూ వాడతాం.

80 మీటర్ల వ్యాసం ఉన్న మర తీసుకోండి, అంటే వ్యాసార్ధం 40. గాలిని అది నెట్టే బలానికి ఒక గుణకం ఉంటుంది, మామూలు వేగాల్లో 0.8 దాకా. ఒకటిలోంచి 0.8 తీసేస్తే 0.2, దాని వర్గమూలం 0.447. వచ్చే గాలి సెకనుకి 8 మీటర్లు అనుకుంటే, మర దాటిన వెంటనే అది 3.6కి పడిపోతుంది, లోటు 55 శాతం. ఇక ఆ మందగించిన గాలి వెనక్కి పోతూ గరాటులాగా విచ్చుకుంటుంది. సముద్రం మీద ప్రతి 100 మీటర్లకి వ్యాసార్ధం 5 మీటర్లు పెరుగుతుందనుకోండి. వెనక మర 560 మీటర్ల దూరంలో ఉంటే అక్కడికి వ్యాసార్ధం 68. అదే లోటు ఇప్పుడు పెద్ద వృత్తం మీద పరుచుకుంది కాబట్టి 40ని 68తో భాగించి, వర్గం చేసి, 55తో గుణించండి. 19 శాతం. వెనక మరకి వచ్చే గాలి 6.5. శక్తి కావాలంటే ఘనం చేయాలి కదా, 53 శాతం. ముందు మర నూరు తీసుకుంటే వెనకది 53. ఆ అమ్మాయికి నా తరఫున ఇది చూపించండి.

80, 560 అంకెలు ఊరికే తీసుకోలేదు. డెన్మార్క్ తీరానికి ఆవల సముద్రంలో హార్న్స్ రెవ్ అని ఒక గాలిమరల క్షేత్రం ఉంది, 2002 నుంచి నడుస్తోంది. 2 మెగావాట్ల మరలు 80. వ్యాసం 80 మీటర్లు, ఎడం 560. 2008 ఫిబ్రవరి 12న హెలికాప్టర్ లోంచి తీసిన దాని ఫోటో మా రంగంలో అందరూ చూసిందే. ఆ రోజు గాలిలో తేమ సరిగ్గా పొగమంచుగా మారే అంచున ఉంది. మరలు కలియబెట్టేసరికి ప్రతి దాని వెనకా తెల్లటి తోక లేచింది. మామూలుగా కంటికి కనబడని లోటు ఆ రోజు వరసలు వరసలుగా కనబడింది. నా డెస్క్ ఎదురుగా ఆ ఫోటో అంటించి ఉంది. నేను గీసిన బొమ్మలు ఎప్పుడైనా మరీ నీట్‌గా వస్తే దాని వైపు చూస్తాను. అందులో ఒక్క తోక కూడా నా బొమ్మల్లాగా తిన్నగా ఉండదు.

సీఎఫ్‌డీ ఎప్పుడు కావాలంటే, తోక తిన్నగా పోనప్పుడు. కొండ మీద అది లోయలోకి దిగుతుందా, శిఖరం దాటి ఎగిరిపోతుందా అన్నది గరాటు లెక్క చెప్పదు. మరని పక్కకి తిప్పి తోకని కావాలని మళ్లించినప్పుడూ అంతే. అప్పుడు కూడా రెక్కలన్నీ గీయనక్కర్లేదు. రెక్కలు తిరిగే వృత్తాన్ని ఒక పల్చటి బిళ్ల అనుకుని, అది గాలిని ఎంత బలంతో వెనక్కి నెడుతుందో అంత బలం ఆ గదుల్లో పెడితే చాలు. దీన్ని యాక్చుయేటర్ డిస్క్ అంటాం.

ప్రశ్న: అసలు రెక్కలే పూర్తిగా గీసి లెక్క చేస్తే ఏం పోయింది? నిజమైన ఆకారం ఉండగా ఈ బిళ్లలు దేనికి? రాన్స్, ఎల్‌ఈఎస్ ఈ రెంటిలో ఏది మేలు?

జవాబు: కంప్యూటర్ పోతుంది.

రెక్క కొన దగ్గర వేగం సెకనుకి 80 మీటర్లు, అక్కడ రెక్క వెడల్పు మీటరు అనుకోండి. రెక్క చర్మానికి అంటుకున్న పల్చటి పొరని సరిగ్గా పట్టుకోవాలంటే, అంటే ఆ పొరతో పోల్చి మొదటి గది మందాన్ని కొలిచే వై ప్లస్ అనే అంకె ఒకటి రావాలంటే, మొదటి గది మందం 5 మైక్రాన్లు ఉండాలి. తల వెంట్రుక మందం దీనికి పది రెట్ల పైమాటే. ఇటు క్షేత్రం చూస్తే 5 కిలోమీటర్లు. ఒకే పెట్టెలో ఒక కొలతకి ఇంకోటి వంద కోట్ల రెట్లు. ఒక మర చుట్టూ చేయవచ్చు, చేస్తాం కూడా. ఎనభై మరలకి చేయం. మధ్యే మార్గం ఉంది: రెక్కని ఒక గీతగా తీసుకుని, ఆ గీత వెంట బలాలు పెట్టి తిప్పడం. 2002లో సోరెన్సెన్, షెన్ రాసిన యాక్చుయేటర్ లైన్ ఇదే. దానికీ ఒక ఖరీదుంది. కాలాన్ని కూడా చిన్న చిన్న అడుగులుగా కోసి లెక్క వేస్తాం, రెక్క కొన అలాంటి ఒక అడుగులో ఒక గదిని మించి దాటకూడదు. గది 2 మీటర్లు, వేగం 80 అయితే అడుగు సెకనులో నలభయ్యో వంతు. పది నిమిషాల గాలి కావాలంటే 24,000 అడుగులు. గదిని సగం చేశారనుకోండి, గదులు ఎనిమిది రెట్లు, అడుగులు రెండు రెట్లు, మొత్తం పని పదహారు రెట్లు.

రాన్స్ అంటే సుడులన్నిటినీ సగటు చేసి, వాటి ప్రభావాన్ని మాత్రం ఒక మోడల్‌కి అప్పగించడం. ఎల్‌ఈఎస్ అంటే పెద్ద సుడులని నిజంగా తిరగనిచ్చి, గదిలో పట్టని చిన్నవాటిని మాత్రమే మోడల్‌కి వదలడం. ఏడాదికి ఎంత ఉత్పత్తి వస్తుంది, పన్నెండు దిక్కులకీ, ముప్పయ్యారు దిక్కులకీ లెక్క కావాలి అంటే రాన్స్. తోక ఎలా ఊగుతుంది, పదేపదే వంగడం వల్ల రెక్క మొదట్లో వచ్చే అలసట ఎంత అంటే ఎల్‌ఈఎస్. మేలు అనే మాట ఇక్కడ కుదరదు. ఎల్‌ఈఎస్ చేస్తే గొప్ప, రాన్స్ చేస్తే తక్కువ అని కాన్ఫరెన్సుల్లో ఒక కులభేదంలాంటిది ఉంది, దాన్ని పట్టించుకోకండి. ఎందుకో కింది ఉత్తరంలో ఉంది.

ప్రశ్న: మా సంస్థ గాలి క్షేత్రాలకి అప్పు ఇస్తుంది. ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఎర్రవీ నీలివీ రంగుల బొమ్మలు ఉంటాయి. నేను ఇంజినీర్ని కాను. వీటిని ఎంతవరకు నమ్మాలి?

జవాబు: ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే. నమ్మకాన్ని కొలిచిన సందర్భాలు రెండు చెబుతాను.

2000లో అమెరికాలో, నాసా ఏమ్స్ కేంద్రంలోని 24 మీటర్ల ఎత్తు, 36 మీటర్ల వెడల్పు ఉన్న గాలి సొరంగంలో 10 మీటర్ల వ్యాసం ఉన్న రెండు రెక్కల మరని పెట్టి కొలిచారు. కొలతలు దాచిపెట్టి, ప్రపంచంలోని నిపుణులని ముందుగా అంచనాలు పంపమన్నారు. గాలి రెక్కని విడవకుండా, స్టాల్ అవకుండా పారే తేలిక పరిస్థితుల్లోనే, కొలిచిన శక్తి నూరు అయితే అంచనాలు 25 నుంచి 175 దాకా పరుచుకున్నాయి. అన్నీ సీఎఫ్‌డీ కావు, చాలావరకు అంతకంటే సులువైన పద్ధతులు. పూర్తి రెక్కని గీసి చేసిన సీఎఫ్‌డీ లెక్క ఒకటి కొలతలకి బాగా దగ్గరగా వచ్చి అందరినీ ఆశ్చర్యపరిచింది. మా రంగంలో సీఎఫ్‌డీకి గౌరవం పెరిగింది ఆ దెబ్బతోనే.

రెండోది డెన్మార్క్‌లోని బోలుండ్. చిన్న దిబ్బ, ఎత్తు 12 మీటర్లు, పొడవు 130. మూడు వైపుల నీళ్లు, ఒక వైపు నిలువుగా తెగిన గట్టు. 2007-08 చలికాలంలో దాని మీద వేగమాపకాలు బిగించిన స్తంభాలు పాతి కొలిచారు. మళ్లీ కొలతలు దాచి పిలిచారు. యాభైకి పైగా లెక్కలు వచ్చాయి. ముందు నిలబడ్డవి రెండు సమీకరణాల రాన్స్ మోడళ్లు, అంటే మా కాన్ఫరెన్సుల్లో చిన్నచూపు చూసేవే. వాటిలో కూడా వేగంలో సగటు తప్పు పది శాతం పైనే ఉంది. గట్టు అంచు మీద, నేలకి దగ్గరలో అయితే అందరూ తడబడ్డారు. అంతకు ముందు 1982, 83లలో స్కాట్లండ్‌లోని ఆస్కెర్వైన్ కొండ మీద కొలిచారు, 116 మీటర్ల నున్నటి కొండ. అక్కడ గాలి ఎదురొచ్చే వైపూ శిఖరమూ అందరికీ బాగానే వస్తాయి, వెనక వాలు దగ్గరే తేడాలు.

వేగంలో పది శాతం తప్పంటే శక్తిలో ముప్పై శాతం. మరి ఇంత తప్పుతో అప్పులెలా ఇస్తున్నారు అంటారా? అసలు కిటుకు ఇక్కడుంది. రిపోర్టులోని సీఎఫ్‌డీ గాలి ఎంత అని చెప్పదు, చెప్పకూడదు. గాలి ఎంత అనేది అక్కడ పాతిన స్తంభం ఏడాదిపాటు కొలిచి చెబుతుంది. స్తంభం దగ్గర ఇంత ఉంటే ఆ పక్క గుట్ట మీద దానికి ఎన్ని రెట్లు అన్నది మాత్రమే సీఎఫ్‌డీ పని. నిష్పత్తి తీసుకున్నప్పుడు పైనా కిందా ఉన్న ఒకే రకం తప్పులు చాలావరకు కొట్టుకుపోతాయి.

అందుకని మీరు బొమ్మలు చూడకండి. మూడు ప్రశ్నలు వేయండి. స్తంభాలు ఎన్ని? రెండున్నప్పుడు మొదటి స్తంభంతో రెండోదాన్ని అంచనా కట్టి చూశారా, ఎంత తేడా వచ్చింది? స్తంభానికీ ఆఖరి మరకీ దూరం ఎంత, ఎత్తులో తేడా ఎంత? వాలు 17 డిగ్రీలు మించిన నేలలు చుట్టూ ఎక్కువ ఉంటే, పాత పద్ధతి సరళ మోడళ్లు చాలవు, సీఎఫ్‌డీ అడగడం న్యాయమే. చదును నేల మీద రంగుల సీఎఫ్‌డీ చూపించి ఎక్కువ ఫీజు అడిగితే కొంచెం అనుమానించండి. నాలాంటివాళ్ల కడుపు కొట్టినట్టవుతుందనుకోండి, అయినా నిజం అదే.

ప్రశ్న: క్షేత్రంలో మరల నిర్వహణ చూస్తాను. రాత్రిపూట కింద ఆకు కదలదు, పైన మర పూర్తి శక్తితో తిరుగుతూ ఉంటుంది. డిజైన్ రిపోర్టులో ఈ సంగతే లేదు. ఎందుకని?

జవాబు: ఎందుకంటే ఆ లెక్కలో రాత్రి లేదు.

చాలా రిపోర్టుల్లో గాలిని తటస్థం అనుకుంటారు. అంటే నేల గాలిని వేడి చేయదు, చల్లార్చదు. సీఎఫ్‌డీలో ఉష్ణోగ్రత సమీకరణమే తీసేస్తారు, పని తేలికవుతుంది. కానీ మబ్బులేని రాత్రి నేల చల్లబడి, దానికి ఆనుకున్న గాలి చల్లబడి బరువెక్కి అక్కడే కూర్చుంటుంది. పైగాలికీ కిందిగాలికీ మధ్య కలియబెట్టే సుడులు చచ్చిపోతాయి. నేల ఒరిపిడి సంగతి పైగాలికి తెలియకుండా పోతుంది, అది నూనె రాసినట్టు జారిపోతుంది.

మీ మర రెక్క అడుగున 40 మీటర్లు, పైన 160 మీటర్లు అనుకుందాం. ఎత్తుతో వేగం ఒక ఘాతం ప్రకారం పెరుగుతుంది. పగటిపూట మామూలుగా వాడే ఏడో వంతు ఘాతంతో లెక్కేస్తే పై కొనకి కింది కొన కంటే 22 శాతం ఎక్కువ వేగం. నిశ్చలమైన రాత్రి ఆ ఘాతం 0.35 దాకా పోతే తేడా 62 శాతం. రెక్క ప్రతి చుట్టులో పైకి వెళ్లినప్పుడు ఒక దెబ్బ, కిందికి వచ్చినప్పుడు ఒక వదులు. రాత్రంతా అదే. కలియబెట్టేవాళ్లు లేరు కాబట్టి ముందు మర తోక కూడా రాత్రి త్వరగా చెదరదు, వెనక మరని దూరం దాకా వెంటాడుతుంది. రాత్రి గంటల డేటా వేరు చేసి, వెనక వరస మరల ఉత్పత్తి చూడండి. రిపోర్టు చెప్పినదాని కంటే తక్కువ కనబడితే ఆశ్చర్యపోకండి. ఆ అంకెలు డిజైన్ వాళ్లకి పంపండి. మేం కూర్చునే చోట రాత్రుళ్లు ఏసీ గదిలో ఒకేలా ఉంటాయి.

ప్రశ్న: లాప్‌టాప్‌లో సీఎఫ్‌డీ నేర్చుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. ఓపెన్‌ఫోమ్ అనే సీఎఫ్‌డీ సాఫ్ట్‌వేర్ 2004 నుంచి అందరికీ ఉచితం. పది లక్షల గదులకి ఒకటి రెండు జీబీల మెమరీ అనుకోండి. మొదట చేయాల్సిన లెక్క ఏదో పై ఎంటెక్ విద్యార్థికి చెప్పేశాను.

ప్రశ్న: ఏఐ వచ్చేసింది కదా, ఇంకా ఈ సమీకరణాలెందుకు?

జవాబు: మా దగ్గర కూడా వాడుతున్నాం. వేల సీఎఫ్‌డీ లెక్కలు చూపించి నేర్పితే, అలాంటి ఇంకో లెక్కకి క్షణంలో జవాబు చెబుతుంది. ఆ వేల లెక్కల్లో గడ్డి నేల నున్నగా ఉంటే దానికీ అదే నేల వస్తుంది.

ప్రశ్న: ఇంత చెబుతారు కదా, మీరు చేసిన అన్నిటికంటే పెద్ద పొరపాటు ఏమిటి మేడమ్? నిజం చెప్పాలి.

జవాబు: చెబుతాను, దాచేదేముంది.

ఉద్యోగంలో చేరి మూడో ఏడు. ఒక పెద్ద గుట్టల వరస మీద మరలు ఎక్కడ పెట్టాలో లెక్క. మెష్ బాగుంది, గరుకుదనం బాగుంది, ఖాళీ పెట్టె పరీక్ష కూడా చేశాను. స్తంభం కొలతలతో పోలిస్తే మాత్రం ఎంతకీ కలవదు. శిఖరం పడమటి అంచున ఉన్న స్తంభం దగ్గర గాలి బాగా ఉందని కొలతలు, అక్కడ నీరసంగా ఉందని నా లెక్క. ఇక చూడండి నా తెలివి. టర్బ్యులెన్స్ మోడల్ మార్చాను. గదులు రెట్టింపు చేశాను. స్తంభం మీది వేగమాపకమే పాడైందేమో అని ఒక ఘాటైన ఈమెయిల్ కూడా రాశాను. అలా పదకొండు రోజులు.

పన్నెండో రోజు, స్తంభాలు పాతే పని చూసే పెద్దాయన ఏదో బిల్లు మీద సంతకం కోసం వచ్చి నా వెనక నిలబడ్డారు. తెర మీద గాలి బాణాలు కదులుతున్నాయి. కాసేపు చూసి, "ఇది ఏ గాలమ్మా?" అన్నారు. "పడమటి గాలి, 270 డిగ్రీలు" అన్నాను. "మరి తూర్పు నుంచి వస్తోందేం?" అన్నారు.

వాతావరణ శాస్త్రంలో దిక్కు అంటే గాలి వచ్చే దిక్కు. నా ప్రోగ్రాములో వేగానికి దిక్కు అంటే గాలి పోయే దిక్కు. 270ని నేరుగా అందులో పెట్టేశాను. పన్నెండు దిక్కుల గాలులూ వెనక్కి తిరిగి వీచాయి. పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చేదని పలకా బలపం పట్టకముందే తెలుసు నాకు.

ఈమెయిల్‌కి క్షమాపణ రాశాను. ఒక మైనస్ గుర్తు పెట్టాను. సాయంత్రానికి స్తంభం, లెక్క నాలుగు శాతం తేడాలో కలిశాయి. ఆ పెద్దాయన బిల్లు మీద సంతకం పెట్టడం మాత్రం ఆ రోజు మర్చిపోయాను. మర్నాడు మళ్లీ వచ్చారు.